పల్స్ ఇచ్చే ముందు సాక్షిని వెతుక్కోండి: ఎస్‌టీఎంతో ఒక్క అణువులో రసాయన మార్పు తేవడం ఎలా

సెలవులకు శ్రీకాకుళం వచ్చినప్పుడల్లా ఎచ్చెర్ల నుంచో విజయనగరం నుంచో ఎమ్మెస్సీ పిల్లలు ఇంటికి వస్తారు. ప్రశ్న మాత్రం ఒకటే. "ఏటి మాస్టారూ, ఒక్క అణువుకి కరెంటు పెట్టి బంధం తెంపెయ్యొచ్చంట, నిజమేనా? ఎలా చేస్తారు?"

నిజమే. దానికి వాడేది ఎస్‌టీఎం, అంటే స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోప్. టిప్ అనే సన్నని సూది మొనను శాంపిల్‌కు తగలకుండా దగ్గరకు తెచ్చి, మధ్య ఖాళీని దాటే చిన్న కరెంట్‌తో (అదే టన్నెలింగ్ కరెంట్) బొమ్మ తీసే యంత్రం. పల్స్ అంటే అణువు మీద కాసేపు పెట్టే పెద్ద వోల్టేజ్. అన్నీ సిద్ధంగా ఉంటే తెంపడం పావుగంట పని. తెగింది అణువులో బంధమేనని, మీ టిప్ చివర ఏదో ఊడి పడటం కాదని తేల్చుకోవడానికి మాత్రం రోజంతా పడుతుంది. అందరూ బోల్తా పడేది అక్కడే. అందుకే కింద రాసిన దాంట్లో పల్స్ గురించి కొంచెమే ఉంటుంది, దానికి ముందూ వెనకా చేయాల్సిన పని గురించి ఎక్కువ ఉంటుంది.

ఒక మాట ముందే చెప్పాలి. డిగ్రీ కాలేజీ బల్ల మీద పెట్టుకునే, గాలిలో పనిచేసే చిన్న ఎస్‌టీఎంతో ఇది కాదు. పెద్ద పరిశోధన సంస్థలో టైమ్ అడిగి తీసుకోవాలి, లేదా పీహెచ్‌డీకి అలాంటి ల్యాబ్‌లో చేరాలి. చిన్న మెషీన్ ఉన్నవాళ్లు ఏం చేయొచ్చో చివర్లో చెబుతాను.

థియరీ ఎంత కావాలి?

మూడు ముక్కలు చాలు. ఒకటి, టిప్‌కీ శాంపిల్‌కీ మధ్య దూరం ఒక్క ఆంగ్‌స్ట్రామ్ పెరిగితే టన్నెలింగ్ కరెంట్ దాదాపు పదో వంతుకు పడిపోతుంది. 1981లో బిన్నిగ్, రోరర్ జ్యూరిక్‌లో ఈ మైక్రోస్కోప్ చేయగలిగింది, 1986లో నోబెల్ అందుకున్నది ఈ గుణం వల్లే. రెండు, అణువు మీదుగా పోయే ఎలక్ట్రాన్లలో ఎప్పుడో ఒకటి తన శక్తిలో కొంత అక్కడ వదిలేస్తుంది. ఆ శక్తితో బంధం కంపిస్తుంది, సరిపోతే తెగుతుంది. మూడు, ఒక ఎలక్ట్రాన్ ఎంత శక్తి వదలగలదో మీరిచ్చే వోల్టేజ్ నిర్ణయిస్తుంది. ఐఆర్ స్పెక్ట్రమ్‌లో ఎన్-హెచ్ బంధం సెంటీమీటర్‌కు 3300 దగ్గర వస్తుందని చదువుకున్నారు కదా. దాన్ని 8065తో భాగిస్తే దాదాపు 0.41 ఎలక్ట్రాన్ వోల్ట్. అంటే 0.41 వోల్ట్ కన్నా తక్కువ పెడితే ఒక్క ఎలక్ట్రాన్ ఆ కంపనాన్ని లేపలేదు. ఇక పనిలోకి దిగుదాం.

కావలసినవి

- ద్రవ హీలియంతో 5 కెల్విన్ దగ్గర నడిచే, అల్ట్రా హై వాక్యూమ్ ఎస్‌టీఎం. పీడనం 10⁻¹⁰ మిల్లీబార్ స్థాయిలో ఉండాలి. చల్లదనం లేకపోతే అణువులు ఒకచోట నిలబడవు.
- వెండి స్ఫటికం, 111 తలం (స్ఫటికాన్ని ఏ దిశలో కోశారో చెప్పే అంకె).
- హైడ్రోజన్ ఉన్న, లోహం లేని థాలోసయనిన్ పొడి. నీలం పెయింట్లలో వాడే రంగుకు దగ్గరి చుట్టం. ఆ రంగులో మధ్యన రాగి ఉంటుంది, మనకు కావలసినదాంట్లో రెండు హైడ్రోజన్లు ఉంటాయి.
- టంగ్‌స్టన్ తీగ, టిప్ చెక్కడానికి సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం.
- లాక్-ఇన్ యాంప్లిఫయర్, అంటే చిన్న సంకేతాన్ని రొదలోంచి వేరు చేసే పరికరం.
- గీతల నోట్‌బుక్. అవును, కాగితందే.

మొదటిసారికి థాలోసయనిన్ ఎందుకంటున్నానంటే, దాంతో రెండు రకాల మార్పులు చూడొచ్చు. మధ్యలోని రెండు హైడ్రోజన్లు ఒక జత నైట్రోజన్ల నుంచి ఇంకో జతకు గెంతుతాయి. ఇది వెనక్కి మళ్లే మార్పు. వోల్టేజ్ ఇంకా పెంచితే హైడ్రోజన్ ఊడిపోతుంది, అది మళ్లీ రాదు. గెంతే మార్పుతో చేయి తిరిగాక తెంపే పనికి వెళ్లొచ్చు.

1. వెండిని శుభ్రం చేయండి

ఆర్గాన్ అయాన్లతో 1 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్ దగ్గర పది పదిహేను నిమిషాలు స్పటరింగ్ చేయండి, అంటే అయాన్లతో కొట్టి పైపొర ఊడగొట్టండి. తరవాత 450 నుంచి 500 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాసేపు ఎనీలింగ్, అంటే ఉపరితలం మళ్లీ చదునయ్యేలా వేడి చేయడం. ఇలా రెండు మూడు సార్లు చేయాలి.

సరిగ్గా వచ్చిందా? చల్లబరిచాక స్కాన్ చేస్తే విశాలమైన చదును మెట్లు కనబడాలి. ఒక్కో మెట్టు ఎత్తు 2.36 ఆంగ్‌స్ట్రామ్‌లు. మీకు 2.8 వస్తే వెండి మారిపోలేదు, మీ పీజో (టిప్‌ను కదిపే స్ఫటికం) క్యాలిబ్రేషన్ తప్పు. ఇప్పుడే సరిచేయండి. లేకపోతే తరవాత వచ్చే ప్రతి ఎత్తూ అదే తప్పుతో వస్తుంది.

2. అణువులు చల్లండి, చాలా కొంచెం

పొడిని చిన్న క్రూసిబుల్‌లో పెట్టి, ఆవిరయ్యే ఉష్ణోగ్రతకు కొంచెం కిందే రాత్రంతా వేడి చేయండి. లోపలి తేమ, మలినాలు పోతాయి. ఈ పని ఎగ్గొట్టినవాళ్లకు మర్నాడు ఉపరితలం నిండా ఏవేవో చుక్కలు కనబడతాయి, వాటిలో థాలోసయనిన్ ఏదో తెలీదు. తరవాత 300 నుంచి 350 డిగ్రీల ప్రాంతంలో ఆవిరి చేసి, చల్లటి వెండి మీద కొన్ని సెకన్లు పడనివ్వండి.

50 నానోమీటర్ల చదరం బొమ్మలో పదీ పదిహేను అణువులు కనబడితే చాలు. ఆశపడి ఎక్కువ వేస్తే అణువుల మధ్య ఖాళీ ఉండదు. అప్పుడు మళ్లీ ఒకటో మెట్టు నుంచి మొదలు. తక్కువైతే ఇంకో రెండు సెకన్లు చల్లుకోవచ్చు, ఎక్కువైతే తీసేసే దారి లేదు.

3. టిప్ సిద్ధం చేయండి

పొందూరు వెళ్లినవాళ్లు చూసే ఉంటారు. సన్న ఖద్దరుకు పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. దువ్వెన బాగుంటేనే పోగు సన్నగా వస్తుందని అక్కడి ఆడవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. మన ల్యాబుల్లో మాత్రం టిప్ బాగుందో లేదో చూడకుండా పన్లోకి దిగేవాళ్లే ఎక్కువ.

చెక్కిన టంగ్‌స్టన్ టిప్‌ను అణువులు లేని చోటుకు తీసుకెళ్లి, వెండిలోకి ఒక నానోమీటర్ లోతు వరకు మెల్లగా గుచ్చి తీయండి. చివరన వెండి అంటుకుంటుంది. మనకు కావలసినదీ అదే. మూడు పరీక్షలు పెట్టండి:

- మెట్టు అంచు ఒకే గీతగా కనబడాలి. జంట గీత కనబడితే టిప్‌కు రెండు మొనలున్నట్టే.
- ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు తీసిన బొమ్మలు ఒకేలా ఉండాలి.
- ఖాళీ వెండి మీద లాక్-ఇన్‌తో డీఐ-డీవీ (వోల్టేజ్ కొద్దిగా మారితే కరెంట్ ఎంత మారుతుందో చూపే గీత) తీస్తే మైనస్ 65 మిల్లీవోల్టుల దగ్గర స్పష్టమైన మెట్టు రావాలి. అది వెండి 111 తలం సొంత గుర్తు. మెట్టు రాకపోయినా, పక్కన అదనపు కొండలు కనబడినా టిప్ చివర చెత్త ఉంది. మళ్లీ గుచ్చండి.

మూడో పరీక్షకు పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలు మిగుల్చుకుందామని మూడు రోజుల డేటా పారేసినవాళ్లు నాకు తెలుసు. వాళ్లలో నేనూ ఉన్నాను.

4. అణువును, దాని సాక్షిని ఎంచుకోండి

ఈ దశను తొందరపడి దాటకండి.

మీరు మార్చబోయే అణువు మెట్టు అంచులకు, మరకలకు, పక్క అణువులకు కనీసం 3 నానోమీటర్ల దూరంలో ఉండాలి. థాలోసయనిన్ నాలుగు రేకుల పువ్వులా కనబడుతుంది. అడ్డంగా దాదాపు ఒకటిన్నర నానోమీటర్. హైడ్రోజన్లు ఏ జత మీద ఉన్నాయో దాన్నిబట్టి, తగిన వోల్టేజ్ దగ్గర ఎదురెదురు రేకులు రెండు మిగతా రెంటి కన్నా వేరేగా వెలుగుతాయి. ఏ రెండు వెలుగుతున్నాయో రాసుకోండి.

ఇప్పుడు అదే బొమ్మలో 5 నుంచి 10 నానోమీటర్ల దూరంలో, అదే జాతి, ఏ గొడవా లేని ఇంకో అణువును చూసుకోండి. దాన్ని నేను సాక్షి అంటాను. సాక్షి మీద పల్స్ ఇవ్వకూడదు. అది ఊరికే పక్కన ఉండాలి.

ఎందుకో ఒక ఉదాహరణతో చెబుతాను. నా మొదటి ఏడాదిలో ఒక రాత్రి 2 గంటలకు పల్స్ ఇచ్చాను. అణువు మధ్యన ఉన్న గుంట పోయి వెలుగొచ్చింది. హైడ్రోజన్ ఊడిందని ఎగిరి గంతేసి గైడ్‌కు మెయిల్ పెట్టేశాను. పొద్దున్నే ఆయన అడిగింది ఒక్కటే, "పక్కదాని సంగతేంటి?" బొమ్మను పెద్దది చేసి చూస్తే పక్క అణువు మధ్యన కూడా అదే వెలుగు. మారింది టిప్. అణువుకు ఏమీ కాలేదు.

5. ముందు బొమ్మ

వోల్టేజ్ 100 మిల్లీవోల్టుల లోపు, కరెంట్ 50 పికోయాంపియర్ల లోపు పెట్టి, ఎంచుకున్న అణువూ సాక్షీ రెండూ వచ్చేలా బొమ్మ తీయండి. రెండు అణువుల మీదా డీఐ-డీవీ తీయండి. సెట్టింగులన్నీ నోట్‌బుక్‌లో రాయండి. "ఫైల్లో ఉంటాయి కదా" అనకండి. ఫైల్లో ఉన్నది మీరు పెట్టిన వోల్టేజ్, అది శాంపిల్‌కు ఇచ్చారా, టిప్‌కు ఇచ్చారా అన్నది మెషీన్‌ను బట్టి మారుతుంది. శాంపిల్‌కు ప్లస్ ఇస్తే ఎలక్ట్రాన్లు టిప్ నుంచి అణువులోకి వస్తాయి. టిప్‌కు ప్లస్ ఇస్తే అటు పోతాయి. వేరే ల్యాబ్ పేపర్ చూసి అదే గుర్తుతో పల్స్ ఇచ్చి, "మాకు రావడం లేదు మాస్టారూ" అనేవాళ్లలో సగం మంది సమస్య ఇదే.

6. పల్స్

క్రమం ఇది:

అ. టిప్‌ను అణువు రేకు మీదకు తెచ్చి ఆపండి. హైడ్రోజన్ ఊడగొట్టాలంటే మధ్య భాగం మీద ఆపాలి.

ఆ. ఫీడ్‌బ్యాక్ (కరెంట్ మారకుండా టిప్ ఎత్తును దానంతటదే సర్దే ఏర్పాటు) ఆపేసి, టిప్‌ను 2 నుంచి 3 ఆంగ్‌స్ట్రామ్‌లు వెనక్కి లాగండి. లేకపోతే వోల్టేజ్ పెంచగానే కరెంట్ పట్టపగ్గాల్లేకుండా పెరుగుతుంది. మీ ప్రీయాంప్ (చిన్న కరెంట్‌ను వోల్టేజ్‌గా మార్చి పెంచే పరికరం) గెయిన్ 10⁹ అయితే, 10 వోల్టుల అవుట్‌పుట్‌తో అది చూపగలిగేది 10 నానోయాంపియర్లు మాత్రమే. గీత పైకి వెళ్లి అక్కడే చదునుగా ఉండిపోతే అసలు ఎంత కరెంట్ పోయిందో మీకు తెలీదు, ఆ కొలత పనికిరాదు.

ఇ. వోల్టేజ్‌ను నెమ్మదిగా 1 వోల్ట్‌కు తేండి. పది సెకన్లు ఆగండి. కరెంట్ గీతను కాలంతో పాటు రికార్డ్ చేస్తూనే ఉండాలి.

ఈ. గీత ఒక్కసారిగా ఇంకో మట్టానికి గెంతితే ఏదో జరిగినట్టు. వెంటనే వోల్టేజ్ దించండి. గెంతకపోతే వోల్టేజ్ దించి, బొమ్మ తీసి, మళ్లీ 0.1 వోల్ట్ పెంచి చేయండి.

ఉ. ముందు వోల్టేజ్ మొదటి విలువకు రావాలి, ఆ తరవాతే ఫీడ్‌బ్యాక్ ఆన్ చేయాలి.

పలాసలో జీడి పిక్కలు కొట్టేవాళ్లను గమనించండి. దెబ్బ తక్కువైతే పెచ్చు తెరుచుకోదు, ఎక్కువైతే గుండుగా రావలసిన పప్పు బద్దలవుతుంది. ఒకేసారి 3 వోల్టులు పెట్టేసేవాళ్లకు వచ్చేది బద్దలే. ఎన్ని వోల్టుల దగ్గర తెగుతుందో అణువును, కింది లోహాన్ని, టిప్ ఎత్తును బట్టి మారుతుంది. అందుకే మెట్లు మెట్లుగా వెళ్లమంటున్నాను.

జాగ్రత్త: ఫీడ్‌బ్యాక్ ఆన్‌లో ఉండగా వోల్టేజ్ గుర్తు మార్చకండి. ప్లస్ నుంచి మైనస్‌కు వెళ్లే దారిలో సున్నా వస్తుంది. సున్నా దగ్గర కరెంట్ ఉండదు కాబట్టి ఫీడ్‌బ్యాక్ టిప్‌ను ఇంకా కిందకు, ఇంకా కిందకు దింపుతూ శాంపిల్‌లోకి గుచ్చేస్తుంది.

ఇంకో జాగ్రత్త, దూరం నుంచి కంప్యూటర్‌లో నడిపేవాళ్లకు. ఈ అన్ని మెట్లనూ మెషీన్ పక్కనున్న కంట్రోలర్ స్క్రిప్ట్‌లో రాసి పెట్టండి. మీరు ఒక్క బటన్ నొక్కితే చాలు, చివర ఫీడ్‌బ్యాక్ దానంతటదే ఆన్ అవ్వాలి. ఒకసారి నేను శ్రీకాకుళంలో ఇంటి దగ్గర కూర్చుని చేత్తోనే చేస్తున్నాను. ఫీడ్‌బ్యాక్ ఆపాను, టిప్ వెనక్కి లాగడానికి మౌస్ మీద చేయి వేశాను, ఇంట్లో కరెంట్ పోయింది. వైఫై కూడా పోయింది. ఫోన్ హాట్‌స్పాట్‌తో మళ్లీ కనెక్ట్ అయ్యేసరికి ముప్పావు గంట. పీజో జరుగుడుకు టిప్ ఈలోగా అణువు మీద కూలబడింది. అక్కడ మిగిలింది ఒక వెండి గుట్ట. ఇన్వర్టర్ తరవాత కొన్నాను, స్క్రిప్ట్ మాత్రం ఆ రాత్రే రాశాను.

7. తరవాత బొమ్మ, అసలు తీర్పు

ఐదో మెట్టులోని సెట్టింగులే పెట్టి, అదే చోట బొమ్మ తీయండి. ముందు సాక్షిని చూడండి, ఆ తరవాతే మీ అణువును. సాక్షి పూర్వంలాగే ఉంటేనే మీ అణువు గురించి మాట్లాడొచ్చు. సాక్షి కూడా మారితే టిప్ మారింది. దాన్ని మళ్లీ బాగుచేసి, అదే అణువును మళ్లీ చూడండి. అణువు నిజంగా మారి ఉంటే కొత్త టిప్‌తో కూడా మారినట్టే కనబడుతుంది.

వీటిలో మీకు కనబడింది ఏది?

- వెలిగే రేకుల జత 90 డిగ్రీలు తిరిగింది. పల్స్ సమయంలో కరెంట్ గీత రెండు మట్టాల మధ్య అటూ ఇటూ గెంతింది. ఇది హైడ్రోజన్ల గెంతు. అయితే అణువే గుండ్రంగా తిరిగిందేమో కూడా చూడాలి. వెండి పరమాణువుల వరుసలతో పోల్చి రేకుల దిశ కొలవండి. రేకులు కదలకుండా వెలుగు మాత్రమే మారాలి.
- గీతలో ఇప్పుడు నాలుగు మట్టాలు కనబడుతున్నాయి. ఒక హైడ్రోజన్ ఊడింది, మిగిలిన ఒక్కటి నాలుగు నైట్రోజన్ల దగ్గరా తిరుగుతోంది. థాలోసయనిన్‌కు చుట్టమైన పోర్ఫిరిన్‌తో, ఇదే వెండి తలం మీద ఈ నాలుగు మట్టాల స్విచ్‌ను 2012లో చూపించారు.
- నాలుగు రేకులూ సమానమయ్యాయి, గెంతులు ఆగిపోయాయి. రెండు హైడ్రోజన్లూ పోయాయి.
- మధ్యన పెద్ద ఎత్తు వచ్చింది. టిప్ నుంచి వెండి పరమాణువు ఊడి మధ్యలో కూర్చుని ఉండొచ్చు. ఇది తప్పే కానక్కర్లేదు. థాలోసయనిన్‌లో కావాలనే ఇలా లోహం పెట్టి 2011లో పేపర్ వేశారు.
- అణువు మాయమైంది. బహుశా మీ టిప్ చివరకు అంటుకుంది. సాక్షి బొమ్మ మసకగా ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు.

ఇంకా గట్టి రుజువు కావాలంటే

ఒక్క అణువు ఒక్కసారి మారితే అది కథే, డేటా కాదు. కనీసం 30 అణువుల మీద చేయండి. ఒకే వోల్టేజ్‌లో కరెంట్ మార్చి, గెంతడానికి ఎంతసేపు పట్టిందో కొలవండి. కరెంట్ రెట్టింపైతే సమయం సగమైతే ఒక్క ఎలక్ట్రాన్ చాలినట్టు. నాలుగో వంతైతే రెండు ఎలక్ట్రాన్లు కలిసి పనిచేసినట్టు. లెక్క చేయడానికి: 100 పికోయాంపియర్లంటే సెకనుకు దాదాపు 62 కోట్ల ఎలక్ట్రాన్లు. సగటున 1.6 సెకన్లకు ఒక గెంతు వస్తే వంద కోట్ల ఎలక్ట్రాన్లకు ఒకటి పనిచేసిందన్నమాట.

"ఎలక్ట్రాన్ వల్ల కాదు, విద్యుత్ క్షేత్రం వల్ల జరిగిందేమో" అని వైవాలో అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఒక నానోమీటర్ ఖాళీలో 2 వోల్టులంటే మీటర్‌కు 200 కోట్ల వోల్టులు. వోల్టేజ్ మార్చకుండా టిప్‌ను ఒక ఆంగ్‌స్ట్రామ్ ఎత్తండి. క్షేత్రం కొద్దిగానే తగ్గుతుంది, కరెంట్ పదో వంతవుతుంది. గెంతుల వేగం కూడా పదో వంతుకు పడితే అది ఎలక్ట్రాన్ల పనే.

హైడ్రోజన్ బదులు డ్యుటీరియం (బరువు ఎక్కువున్న హైడ్రోజన్) పెట్టిన అణువుతో చేస్తే గెంతుల వేగం బాగా తగ్గాలి. బరువు మారితే కంపనం మారుతుంది కాబట్టి. ఎసిటిలీన్ మీద విల్సన్ హో బృందం 1998లో సీ-హెచ్ కంపనాన్ని 358 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, డ్యుటీరియంతో 266 దగ్గర కొలిచింది. ఒక్క అణువులో ఐసోటోప్ తేడా చూడగలిగిన పద్ధతి అది.

చివరిగా ఒకసారి దూరం నుంచి కూడా చూడండి. ఎలక్ట్రాన్లు లోహం ఉపరితలం మీద పాకి, మీరు ముట్టుకోని అణువులను పదుల నానోమీటర్ల దూరంలో మార్చగలవు. 100 నానోమీటర్ల బొమ్మ ముందొకటి, తరవాతొకటి తీయండి. సాక్షి నిజంగా మారిందని తేలే అరుదైన సందర్భం ఇదే. టిప్ బాగుచేశాక కూడా అది మారినట్టే కనబడితే అప్పుడు టిప్‌ను తప్పు పట్టకండి.

వేరే దారులు

బంధం తెంపి కొత్త బంధం కట్టాలని ఉంటే అయోడోబెంజీన్ మంచిది. రింగులోని మిగతా బంధాల కన్నా కార్బన్-అయోడిన్ బంధం చాలా బలహీనం కాబట్టి ముందు అదే తెగుతుంది. 2000లో సా-వాయ్ హ్లా, రీడర్ బృందం రాగి మీద 20 కెల్విన్ దగ్గర అయోడిన్ తెంపి, రెండు ముక్కలను టిప్‌తో పక్కపక్కకు తోసి, బైఫినైల్ కట్టింది. అవి అతికాయని ఎలా తేల్చారు? ఒక చివర పట్టి లాగితే రెండూ కలిసి వచ్చాయి. ఇంతకన్నా సులువైన పరీక్ష నాకు తెలీదు.

లోహానికి అణువు మరీ గట్టిగా అంటుకుపోతుంటే మధ్యలో రెండు పొరల ఉప్పు వేయండి. మామూలు సోడియం క్లోరైడే. కార్బన్ మోనాక్సైడ్ అంటించిన టిప్‌తో ఏఎఫ్‌ఎం (కరెంట్ బదులు టిప్ మీది బలాన్ని కొలిచే మైక్రోస్కోప్) కూడా ఉన్న మెషీన్ అయితే బంధాలే కనబడతాయి. 2019లో 18 కార్బన్ల ఉంగరాన్ని ఇలా ఉప్పు మీదే చేసి చూపించారు.

ఇక గాలిలో పనిచేసే చిన్న ఎస్‌టీఎం ఉన్నవాళ్లు: సెలోటేప్‌తో పైపొర పీకిన గ్రాఫైట్ తీసుకోండి. 0.246 నానోమీటర్లకోసారి తిరిగి వచ్చే అల్లిక కనబడే వరకు ప్రాక్టీస్ చేయండి. తరవాత దాదాపు 4 వోల్టుల చిన్న పల్స్ ఇస్తే కొన్ని నానోమీటర్ల గుంట పడుతుంది. ఉపరితలం మీది తేమ లేకపోతే ఇది సరిగా జరగదు, మన సముద్రతీరం గాలిలో తేమకు లోటేమీ లేదు. ఒక్క అణువు కాకపోయినా టిప్ పెట్టిన చోటే కార్బన్ బంధాలు తెగడం చూస్తారు.

ఏ మెషీనూ లేనివాళ్లు ఎస్‌టీఎం బొమ్మలు తెరిచి కొలిచే గ్విడియన్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దించుకోండి. సీనియర్లను అడిగి ముందు, తరవాత బొమ్మల జతలు పది తెచ్చుకోండి, ఏ అణువు మీద పల్స్ ఇచ్చారో చెప్పొద్దనండి. సాక్షి ఏదో, మారింది ఏదో మీరే కాగితం మీద రాసి, అప్పుడు వాళ్ల నోట్‌బుక్‌తో సరిచూసుకోండి. మొదటిసారి పదికి ఆరు వస్తే నాకన్నా నయం. నాకు నాలుగే వచ్చాయి.